జన్నత్ బీ చుట్టిన కాయిల్

జన్నత్ బీ పోయిందన్న కబురు నాకు ఆలస్యంగా చేరింది. నేను వెళ్ళేసరికి మట్టి ఇచ్చి అందరూ తిరిగి వచ్చేశారు. ముందు గదిలో చాప మీద కూర్చుని, ఒకప్పుడు ఆ ఇంటిని విడవకుండా ఉండిన లక్క వాసన కోసం నాకు తెలియకుండానే గాలి పీల్చాను. ఆ వాసన లేదు. ఆ ఇంట్లో లక్క కరిగించడం మానేసి చాలా ఏళ్ళయింది.

వచ్చినవాళ్ళు ఆమెను గాజుల జన్నత్ బీ అనే తలుచుకున్నారు. లక్క గాజు మీద పువ్వు దిద్దితే ఆమే దిద్దాలన్నారు. అది నిజమే. కానీ అనకాపల్లిలో మోటారు బండ్లు నడిచాయంటే అందులో ఆమె చేతి పని కూడా ఉందని ఆ గదిలో ఒక్కరికీ తెలిసినట్టు లేదు. ఆమె భర్త ఆదం ఏనాడో పోయాడు. మా వారు అబ్రహాం పోయి కూడా ఎన్నో ఏళ్ళయింది. ఆ రోజుల్ని చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

ఆదం మోటారు మేస్త్రీ. బెల్లం మార్కెట్టు వెనక సందులో వాళ్ళ ఇల్లు. ఇంటి ముందు తాటాకు పందిరి కింద అతని పని, గుమ్మానికి కట్టిన పరదా వెనక జన్నత్ బీ పని. బయట పెట్రోలు, గ్రీజు. లోపల కుంపటి, లక్క, రంగులు. యుద్ధం రోజులు కావడంతో బస్సులు బొగ్గు గ్యాసుతో మూలుగుతూ నడిచేవి. ఏ బండికీ కొత్త సామాను దొరికేది కాదు. అన్నిటికన్నా కరువు కాయిల్‌కి. బ్యాటరీలో ఉండే కొద్దిపాటి కరెంటుకు బలం పోసి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టించేది అదే. అది చచ్చిపోతే బండి చచ్చినట్టే.

పాత ఇనుములోకి వచ్చిన చచ్చిన కాయిళ్ళను ఆదం ఏరుకొచ్చేవాడు. రేకు డబ్బా విప్పి, లోపల పోసిన తారు కరిగించి, వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగను ఊడదీసేవాడు. ఎక్కడో కాలిపోయిన చోటు తీసేసి మళ్ళీ చుట్టాలి. అక్కడే వచ్చేది చిక్కు. అతని చేతిలో తీగ తెగిపోయేది. ఒకరోజు పరదా వెనకనుంచి చూస్తున్న జన్నత్ బీకి ఓపిక పోయింది.

“అవి ఏళ్ళు కావు, గునపాలు. ఇలా తే,” అంది.

“ఇదేటి గాజనుకున్నావా? తెగితే మరి నేదు.”

“గాజు మీద తీగంత గీత గీసి, దాని మీద సుక్కలు పెడతాను. నాకు సెప్తన్నావా నువ్వు?”

గాజుల కొలతకు వాడే నున్నటి కర్ర మీదే చుట్టింది. వరసకీ వరసకీ మధ్య మైనం పట్టించిన పల్చటి కాగితం. చుట్టడం అయ్యాక తీగ కదలకుండా, తేమ తగలకుండా, పైన కరిగించిన లక్క పూత. లక్కలో కరెంటు పారదు. ఆ సంగతి ఆదం చెప్పాడు. పూత పలచగా, సమంగా ఎలా వెయ్యాలో ఆమెకు ఒకరు చెప్పక్కరలేదు. వాళ్ళింట్లో వాళ్ళు తురకం మాట్లాడుకునేవాళ్ళు. నేను కూర్చుంటే మటుకు నా కోసం తెలుగులోకి దిగేవాళ్ళు.

నేను మిషను బడిలో టీచరును. మా సంఘంలో ఆడవాళ్ళు గాజులు వేసుకునేవాళ్ళు కారు. అయినా బడి వదిలాక ఆమె దగ్గర కూర్చోకుండా నేను ఇంటికి వెళ్ళేదాన్ని కాదు. “కొనరు, యేసుకోరు, కూకుంటారు. మీలాటి బేరం నాకు ఎవరూ నేరు టీచరమ్మా,” అనేది. అంటూనే పీట జరిపేది.

కాయిల్ పరీక్ష చెయ్యడం నేను అక్కడే చూశాను. ప్లగ్గుకు వెళ్ళే తీగను ఊడదీసి, దాని కొసను ఇంజనుకు కాస్త ఎడంగా పట్టుకుని బండిని కిక్కు కొడతారు, లారీ అయితే హ్యాండిలు తిప్పుతారు. ఆ ఎడంలో రవ్వ దూకుతుంది. నీలంగా, దిట్టంగా దూకితే కాయిల్ మంచిది. ఎర్రగా, పీలగా వస్తే పనికిరాదు. ఆదం ఆ రవ్వను ఒక్కసారి చూసి మాట చెప్పేవాడు. ఆదం సరేనంటే లారీ వాళ్ళు మరో మాట లేకుండా కట్టించుకుని వెళ్ళిపోయేవారు. ఆ మాటే అతని ఆస్తి.

యుద్ధం ముగిసిన ఏడు, చలి రోజుల్లో, ఆ మాట తడబడడం మొదలైంది.

“ఎర్రగా వత్తంది. ఇంకోటి సుట్టు,” అని ఆమె చుట్టిన కాయిల్‌ను లోపలికి ఇచ్చేశాడు. ఆమె మళ్ళీ చుట్టింది. “ఇదీ ఎర్రే,” అన్నాడు. తర్వాత అతను కిక్కు కొడుతున్నప్పుడు పరదా పక్కనుంచి తొంగి చూసింది. రవ్వ నీలంగానే ఉంది.

ఆ వారం కశింకోట వాళ్ళకు ఇవ్వాల్సిన గాజుల్ని రంగుల వారీగా దారానికి గుచ్చమని అతనికి ఇచ్చింది. ఎప్పుడూ అతను చేసే పనే అది. నీలం గాజులన్నీ తీసుకెళ్ళి నల్లవాటిలో కలిపేశాడు.

“ఆయన కళ్ళకి పొర కమ్మీసింది టీచరమ్మా,” అంది నాతో. “దగ్గరికెళ్ళి సూసేను. నల్లగుడ్డు మీద మీగడ కట్టినట్టుంది.”

విశాఖపట్నంలో పెద్దాసుపత్రి ఉంది కదా, శుక్లం తీస్తారు కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆదం అన్నగారికి ఊరూరా తిరిగే కంటి వైద్యుడొకడు సూదితో పొర తీస్తానని రెండు కళ్ళూ పోగొట్టాడట. అప్పటినుంచి కంటి దగ్గరికి ఇనుము రానివ్వనని ఆదం ఒట్టు వేసుకున్నాడట.

“మరి ఆయనతో చెప్పవా?”

“నాకు తెలిసిందని ఆయనకి తెలిత్తే పని ఒగ్గేత్తాడు. ఊరికి తెలిత్తే పనే ఆయన్ని ఒగ్గేత్తాది. పని నేకపోతే ఆ మనిసి బతకడు.” లక్క కాగుతున్నదేమో, కుంపటి వైపు తిరిగింది. తర్వాత ఆ మాట ఎత్తనివ్వలేదు.

మర్నాడో ఆ మర్నాడో ఆదమే ఒక దారి తీశాడు.

“జన్నతూ, నువ్వు కూడా రవ్వ సూడ్డం నేర్సుకో. రేపు నాకు జొరమొత్తే ఎవరు సూత్తారు?”

“బాగుంది. ఆడదాన్ని, లారీలోల్ల మజ్జిన కూకుంటానా?”

“కూకోమన్నానా? పరదా పక్కనే నిలబడు. రంగు సెప్పు, సాలు. ఉన్నదే సెప్పు. నా మనసు కోసం మటుకు సెప్పకు.”

అలా పాఠం మొదలైంది. అతను కిక్కు కొట్టేవాడు. పరదా వెనకనుంచి ఆమె “నీలం” అనేది, లేకపోతే “ఎర్ర” అనేది. “ఆఁ, సరిగ్గా సెప్పేవు,” అని మెచ్చుకునేవాడు, తనకూ అదే కనబడినట్టు. ఆమె శిష్యురాలిలా తల ఊపేది. ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటూ ఆ వేసవి దాకా లాక్కొచ్చారు. చూస్తున్న నాకు నవ్వు రాలేదు.

మా వారు మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. సీమకు వెళ్ళిపోయిన దొర ఒకాయన వదిలేసిన పాత మోటారు సైకిలు మీద మందులు పట్టుకుని పల్లెలు తిరిగేవారు. ఆ ఎండల్లో రాంబిల్లి వైపు బెస్త పల్లెల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే బండి కదలనంది.

“ఆదం బావా, దీని దగ్గు తగ్గించు. రేపు తెల్లారి రాంబిల్లి వెళ్ళాలి.”

“ఇది నాకన్నా ముసల్ది బాబూ. దీనికి మందు కాదు, మొక్కు కావాల.”

“మొక్కులు నేను చూసుకుంటాను. మన పేర్లు రెండూ ఒక్క చోటినుంచే దిగేయి. నీ మొక్కు, నా మొక్కు అక్కడికే పోతాయి. నువ్వు కాయిల్ చూడు.”

రవ్వ అసలు రాలేదు. పాత కాయిల్ తీసేశాడు. జన్నత్ బీ ఆ పూట కూర్చుని వేరేది చుట్టింది. పూత వేసే వేళకు మంచి లక్క అయిపోయింది. లక్క తెచ్చే కొండ మీది వాళ్ళు సంతకు దిగక అప్పటికి చాలా రోజులైంది. కుంపటి మీద గాజుల కోసం కాచిన లక్క ఉంది. అదే పూసింది.

చుట్టిన ప్రతి కాయిల్‌నూ ఎండకు పట్టి తిప్పి చూడడం ఆదం అలవాటు. దీన్నీ అలాగే ఎండకు పట్టాడు, తిప్పాడు. “బాగుంది,” అన్నాడు. బండికి కట్టి కిక్కు కొట్టాడు. “నీలం,” అంది పరదా. మా వారు మందుల పెట్టె కట్టుకుని పొద్దున్నే వెళ్ళిపోయారు.

మరునాడు సాయంత్రం నేను జన్నత్ బీ దగ్గర ఉండగా ఎండుచేపల బండి ఒకటి వచ్చి పందిరి ముందు ఆగింది. చేపల బుట్టల మీద పక్కవాటుగా పడుకున్న మోటారు సైకిలు. బండి వెనకాల నడిచి వస్తున్న మా వారు. ముఖం ఎండకు కమిలి, పెదాలు పగిలి ఉన్నాయి. నేను లేవబోయాను. జన్నత్ బీ నా చెయ్యి పట్టుకుంది.

బెల్లం లారీ డ్రైవరు ఎర్రయ్య అక్కడే బీడీ కాలుస్తున్నాడు. మార్కెట్టు కళాసీలు కొందరు చేపల వాసనకు ముక్కులు మూసుకుని, బండి మీది వింత చూడ్డానికి పోగయ్యారు.

“చూసే కట్టేవా బావా కాయిల్?” అన్నారు మా వారు. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. “ఎండలో, దారి మధ్యన ఆగిపోయింది. మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచేను. అక్కడ జనం నా కోసం చూస్తున్నారు.”

“సూసే కట్టేను బాబూ.”

“ఎటు చూసేవు?”

ఎర్రయ్య బీడీ పడేశాడు. “నన్నడగండి బాబూ. మొన్న నా లారీ కాయిల్ ఎర్రగా కొడతందని తీయించేసేడు. కశింకోట మేస్త్రీ సూసి, నీలంగా నిగనిగలాడతంటే ఎందుకు తీసేరన్నాడు. ఏటి మామా, కళ్ళు గాని సంతలో అమ్మీసేవేటి?”

నవ్వులు లేచాయి. ఆదం చేతిలో గుడ్డ పట్టుకుని చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన చెయ్యే మళ్ళీ తుడుస్తున్నాడు.

నా పక్కన జన్నత్ బీ చేతిలోని గాజు కింద పెట్టింది. కొంగు తల మీదికి లాక్కుంది. పరదా తోసుకుని బయటికి వెళ్ళింది. అంతమంది మగవాళ్ళ ముందు ఆమె నిలబడడం అదే మొదలు.

“తప్పు నాది,” అంది. “కాయిల్ సుట్టింది నాను. సుట్టు సరిగా పడనేదు. ఆయన సూపుకేటీ నేదు.”

“అదీ సంగతి. ఆడోల్ల సేత మోటారు పని సేయిత్తే ఇలగే ఉంటాది,” అన్నాడు ఎర్రయ్య. కళాసీలు మళ్ళీ నవ్వారు. ఈసారి నవ్వు ఆమె మీద.

ఆదం గుడ్డ మడతపెట్టి భుజాన వేసుకున్నాడు.

“ఎర్రయ్యా, ఆగు. ఆవిడ సుట్టు ఏనాడూ తప్పు పడనేదు. ఊరికే మాటలనకు. నా కళ్ళే పోతన్నాయి. నాకు నీలం అగపడదు. సలి రోజులనుంచీ రవ్వ రంగు సెప్తన్నది ఆవిడే. నీ లారీ కాయిల్ మంచిదే. ఆ పూట ఆవిడ పరదా కాడ నేదు, నాను తప్పు సెప్పేను.”

ఎవరూ నవ్వలేదు. జన్నత్ బీ నేల చూపులు చూస్తూ నిలబడిపోయింది. మా వారు అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడ్డారు. ఆయన కోపం ఎటు పోయిందో.

“బండి దింపండి,” అన్నాడు ఆదం. “ఎలుగుండగానే సూద్దారి.”

దింపారు. అతను తీగ కొస పట్టుకుని కిక్కు కొట్టాడు. “నీలం,” అంది జన్నత్ బీ. పరదా లేదు, పాఠం లేదు.

“దారిలో ఏటైంది బాబూ? ఉన్నపళంగా ఆగిందా?”

“లేదు. చల్లటి పూట బాగానే నడిచింది. ఎండెక్కేక దగ్గింది. చెట్టు నీడన నిలబెడితే మళ్ళీ కాస్త నడిచింది. మళ్ళీ ఆగింది.”

“ఏడెక్కితే పోతంది,” అని తనలో తను అనుకున్నాడు. కాయిల్ ఊడదీసి లోపలికి తెచ్చి, ఆమె కుంపటి పక్కన వెచ్చటి బూడిద మీద పెట్టాడు. పసిబిడ్డకు పోసే నీళ్ళు చూసుకున్నట్టు మోచేత్తో తాకి తాకి చూశాడు. చాలనుకున్నాక తీసుకెళ్ళి మళ్ళీ కట్టి, చెయ్యెత్తి అందర్నీ మాట్లాడవద్దన్నాడు. తల వంచి, చెవి ఇంజను వైపు తిప్పి కిక్కు కొట్టాడు.

మొదట కొట్టినప్పుడు ఎండుపుల్ల విరిచినట్టు టప్పుమంది. ఇప్పుడు పచ్చి కట్టె మంటలో పడ్డట్టు చిటచిటమంది. నాక్కూడా తేడా వినబడింది.

“ఎర్ర,” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

జన్నత్ బీ తలెత్తి అతని వైపు చూసింది. అతను అప్పటికే గోటితో కాయిల్ మీది లక్క గీరి వేళ్ళ మధ్య నలుపుతున్నాడు.

“ఇదేటి, గరగరలాడతంది? ఇసకా?”

“తళుకు,” అందామె. గాజుకు మెరుపు రావడానికి లక్కలో కలిపే తగరం రేకు పొడిని వాళ్ళు అలా అంటారు.

“గాజుల లక్క పూసేవా?”

“మంచి లక్క అయిపోనాది. లక్క లక్కే కదా అనుకున్నాను.”

“తగరం కదే అది. కరెంటుకి దారి యేసేవు. సల్లగా ఉన్నంతసేపూ లక్క గట్టిగా ఉంటాది, ఏటీ కాదు. ఏడికి మెత్తబడితే పొడంతా కలిసిపోతాది.”

ఆమె ముఖం చూడలేకపోయాను. అతన్ని కాపాడడానికి మీద వేసుకున్న తప్పు నిజంగానే ఆమెది. ఆమెను కాపాడడానికి అతను ఊరి ముందు తన కళ్ళ సంగతి చెప్పేశాడు. చెప్పిన మాట వెనక్కి రాదు.

ఆదం కాయిల్‌ను ఎండకు పట్టాడు, మొన్నటిలాగే. పొద్దు వాలుతున్న ఎండలో అది పెళ్ళికూతురి గాజులా తళతళలాడింది.

“మొన్న కూడా ఇలగే మెరిసుంటాది. పట్టుకుని తిప్పేను కదా. నాకు మెరవనేదు,” అన్నాడు. “నీ తప్పు సగం, నా తప్పు సగం. లెక్క సరిపోనాది.”

“మోటారుకి గాజులు తొడిగీసింది మామా, మీ ఆవిడ,” అన్నాడు ఎర్రయ్య, మెల్లగా. ఎవరూ నవ్వలేదు. ఆదం ఒక్కడే నవ్వాడు.

ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే వాళ్ళింటికి మనిషిని పంపి రంగు, పొడి కలవని లక్క తెప్పించారు. జన్నత్ బీ పాత పూతంతా తీసి మొదటినుంచి చుట్టింది. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బూడిదలో కాచి ఒకసారి చూశారు. అప్పుడు గాని బండి వదల్లేదు. మా వారు మళ్ళీ రాంబిల్లి వెళ్ళి వచ్చారు. ఆ బండి ఎన్నో చోట్ల ఆగింది గాని, కాయిల్ వల్ల మరి ఆగలేదు.

తర్వాత ఆ పందిరి కింద పని తీరే మారిపోయింది. కుంపటిలో కాచి చూడని కాయిల్ గడప దాటేది కాదు. జన్నత్ బీ పరదా ఇవతల పీట వేసుకుని కూర్చునేది. ఆమె రంగు చెప్పేది, అతను చప్పుడు వినేవాడు. ఇద్దరి మాటా కలిస్తేనే బండికి కట్టడం. రంగుకూ చప్పుడుకూ తేడా వస్తే కాయిల్ విప్పడమే, ఎంత చుట్టినా సరే. కొందరు ఆ వింత చూడ్డానికే వచ్చేవారు. కొందరు రావడం మానేశారు. గుడ్డివాడూ ఆడదీ కలిసి మోటారు బాగుచేస్తారా అని ఎర్రయ్య లారీ కశింకోట మేస్త్రీ దగ్గరికే పోయేది. పని తగ్గింది. పూర్తిగా పోలేదు. ఇనుము మటుకు ఆదం కంటి దగ్గరికి రానివ్వలేదు, మేము ఎంత చెప్పినా. కొన్నేళ్ళకు వెలుతురూ చీకటీ తప్ప అతనికి ఏమీ తెలియకుండా పోయింది. అప్పుడు కూడా బోల్టు ఏ కొలతదో వేలితో తాకి చెప్పేవాడు. బండి సందులోకి తిరగకముందే అది ఎవరిదో చెప్పేవాడు.

అతను పోయాక జన్నత్ బీ కాయిల్ ముట్టలేదు. “వినేవోల్లు నేకండా రంగొక్కటీ సెప్పి ఏటి నాబం?” అంది. గాజులు చాలాకాలం చేసింది. తళుకు గాజులు మటుకు చెయ్యలేదు. పెళ్ళిళ్ళవాళ్ళు అవే అడిగేవారు. పక్క సందులో కొనుక్కోమనేది.

కిందటి ఏడు రంజానుకు ముందు నేనొక నేత చీర పట్టుకెళ్ళాను. అప్పటికి ఆమె కళ్ళకూ పొర కమ్మింది. ఇప్పుడు అదంత పెద్ద వైద్యం కాదు, నేను తీసుకెళ్తానంటే, పండగ ఎల్లనీయండి టీచరమ్మా అంది. చీర ఒళ్ళో పెట్టుకుని, గుమ్మంలోంచి పడే ఎండలోకి అంచు జరిపి, చాలాసేపు చూసింది.

“నీలమేనా?” అంది. అడిగిన తీరులో ఆశ ఉంది.

అవునంటే ఆమె సంతోషించేది. నాకు నోటిదాకా వచ్చింది.

“కాదు జన్నతూ. ఆకుపచ్చ.”

“ఔనా?” అంది. చీర మడత మీద చెయ్యి రాస్తూ, “ఉన్నదే సెప్పాల,” అంది.